చేతి నరాల దెబ్బలు: కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ మెడ నుంచి వేలి కొస దాకా నడిచే నరాలకు తగిలే దెబ్బల గురించి. మన వైపు ఈ దెబ్బలు ఎక్కువగా తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల బండల కటింగ్, పాలిష్ మిషన్ల దగ్గర, కొడవలితో, గడ్డి కోసే మిషన్‌తో, బైకు మీద నుంచి పడి, ఇంట్లో గాజు పెంకు గుచ్చుకుని తగులుతుంటాయి. ముందే ఒక మాట. తెగిన నరం విషయంలో ఎదురుచూస్తే నష్టం, నలిగిన నరం విషయంలో తొందరపడితే నష్టం. మీది ఏదో తేల్చుకోవడానికే ఈ జవాబుల్లో సగం.

చేతికి నరాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఏది ఏ పని చేస్తుంది?

మెడ దగ్గర వెన్ను నుంచి సి5, సి6, సి7, సి8, టి1 అనే అయిదు వేర్లు బయటికొచ్చి, కాలర్ ఎముక వెనకగా చంకలోకి దిగుతూ ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. ఆ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. అక్కడి నుంచి అరచేతి దాకా వచ్చేవాటిలో ముఖ్యమైనవి మూడు.

రేడియల్ నరం దండ ఎముకను వెనక నుంచి చుట్టుకుని వస్తుంది. మణికట్టును, వేళ్ళను పైకి లేపేది ఇదే. మీడియన్ నరం మణికట్టు నడుమ నుంచి అరచేతిలోకి పోతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం దీని స్పర్శ కింద ఉంటాయి. బొటనవేలిని మిగతా వేళ్ళ ఎదుటికి తెచ్చే బలం కూడా దీనిదే. అల్నార్ నరం మోచేయి వెనక, లోపలి గూటిలో చర్మం కిందే ఉంటుంది. మోచేయి గోడకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమనేది దీనివల్లే. చిటికెన వేలి స్పర్శ, వేళ్ళను విప్పే, దగ్గరికి చేర్చే సన్న కండరాలు దీనివి.

గాయమైనప్పుడు నరం తెగిందో లేదో మేమే చూసుకోవచ్చా?

చాలావరకు చూసుకోవచ్చు. అయితే మత్తు సూది వేయకముందే చూడాలి. మత్తిచ్చాక ఏ వేలికీ స్పర్శ ఉండదు కాబట్టి ఆ పరీక్షతో ఉపయోగం లేదు. రక్తం కాస్త అదుపులోకి వచ్చాక కింది విధంగా చూడండి.

కళ్ళు మూసుకోమని చెప్పి, చూపుడువేలి కొసను, చిటికెన వేలి కొసను, చేతి వెనక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని దూదితో తాకండి. మొదటిది మీడియన్, రెండోది అల్నార్, మూడోది రేడియల్. "తెలుస్తోందా" అని మాత్రమే అడిగితే సరిపోదు. రెండో చేతిని కూడా తాకి "ఆ చేతికి తెలిసినంతా తెలుస్తోందా" అని అడగాలి. సగమే తెలుస్తోందంటే అది కూడా లెక్కలోకి తీసుకోవలసిందే.

తర్వాత కదలిక. మణికట్టును, వేళ్ళను పైకి లేపమనండి: రేడియల్. బొటనవేలి కొసను చిటికెన వేలి కొసకు ఆనించమనండి: మీడియన్. వేళ్ళు విప్పి మూయమనండి, మధ్యవేలి మీదికి చూపుడువేలిని ఎక్కించమనండి: అల్నార్. స్పర్శ బాగుండి ఒక్క వేలు మాత్రం ముడుచుకోకపోతే తెగింది టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి నార, అయ్యుండొచ్చు. అదీ కుట్టాల్సిందే, కాకపోతే అది వేరే పని. మణికట్టు లోపలి వైపు లోతుగా తెగితే రెండూ కలిసి తెగడం మామూలే.

చిన్నపిల్లలు జవాబు చెప్పరు. గాయం మానాక చెయ్యిని 20 నుంచి 30 నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. నరం తెగిన వేలి కొస ముడతలు పడదు, మిగతావి పడతాయి. ఆ వేలికి చెమట కూడా పట్టదు, ముట్టుకుంటే పొడిగా జారుతుంది.

రక్తం బాగా కారుతుంటే ముందు ఏం చేయాలి?

శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమి, చెయ్యిని గుండె కంటే ఎత్తులో పట్టుకోండి. పది, పదిహేను నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా అదిమితే చాలా గాయాలు ఆగుతాయి. కాఫీ పొడి, సున్నం, పసుపు, కిరోసిన్ ఏవీ వద్దు. తర్వాత డాక్టరు వాటిని కడగడానికే సమయం పోతుంది, నరం కొసలు కూడా పాడవుతాయి. సన్న తాడుతోనో వైరుతోనో దండ మీద బిగించి కట్టడం ఇంకా చెడ్డది. మామూలు గాయం కాస్తా ఆ కట్టు కింద నరం నలిగిన గాయంగా మారుతుంది.

మణికట్టు దగ్గర అల్నార్ రక్తనాళం, అల్నార్ నరం పక్కపక్కనే ఉంటాయి. రక్తం చిమ్ముతోందని గాయంలోకి చూడకుండా ఫోర్సెప్స్ పెట్టి పట్టేస్తే నరం కూడా నలుగుతుంది. ఊళ్ళో ప్రథమ చికిత్స చేసేవాళ్ళు అదిమి పట్టి పంపితే చాలు.

వేలు పూర్తిగా తెగిపడితే దాన్ని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు ముక్కల మధ్య పెట్టండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

కుట్లు వేశారు, గాయం మానింది. వేలు మాత్రం మొద్దుగానే ఉంది. "నిదానంగా వస్తుందిలే" అన్నారు. ఆగాలా?

గాజు, కత్తి, కొడవలి, గ్రైండర్ బ్లేడు లాంటివాటితో చర్మం తెగి, ఆ కింది భాగంలో స్పర్శ పోతే, నరం తెగిందనే అనుకోవాలి. కాదని రుజువయ్యేదాకా అంతే. ఆగకూడదు. శుభ్రంగా తెగిన నరాన్ని మొదటి కొద్ది రోజుల్లో కుడితే ఫలితం బాగుంటుంది; మూడు వారాలు దాటేసరికి కొసలు వెనక్కి పోయి గట్టిపడతాయి, నేరుగా కలపడం కష్టమవుతుంది. గ్రైండర్ బ్లేడు, గడ్డి మిషన్ గాయాలు వేరే తీరు: నరం చీలి, చుట్టుపక్కలంతా నలిగి ఉంటుంది. అలాంటప్పుడు ఎంతవరకు చెడిందో తేలేదాకా రెండు మూడు వారాలు ఆగి కుట్టడం సర్జన్ కావాలనే తీసుకునే నిర్ణయం. ఆ ఎదురుచూపు వేరు, ఎవరూ చూడకుండా వదిలేయడం వేరు.

నలిగిందీ, తెగిందీ ఒకటి కాదా? లక్షణాలు ఒకేలా ఉంటాయి కదా?

బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల వేరు. 1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ చేసిన మూడు రకాల విభజననే ఇప్పటికీ వాడుతున్నారు. బోరు మోటారు కేబులును గుర్తు చేసుకోండి. ఇన్సులేషన్ ఒత్తిడికి లోనై కరెంటు తాత్కాలికంగా ఆగితే అది న్యూరాప్రాక్సియా; రోజుల నుంచి మూడు నెలల లోపు పూర్తిగా తిరిగొస్తుంది. పైతొడుగు ఉండి లోపలి రాగి తీగలు తెగితే అది యాక్సోనోట్‌మెసిస్; తొడుగు దారి చూపిస్తుంది కాబట్టి తీగ మళ్ళీ మెల్లగా పెరుగుతుంది. కేబులే రెండు ముక్కలైతే న్యూరోట్‌మెసిస్, కుట్టకపోతే రాదు. 1951లో సండర్లాండ్ దీన్నే అయిదు మెట్లుగా విడగొట్టాడు.

మొదటి వారంలో ఎన్‌సీఎస్ (నరం కరెంటు పంపుతోందో లేదో చూసేది), ఈఎంజీ (కండరంలో సన్న సూది పెట్టి చూసేది) పరీక్ష చేయిస్తే తప్పుదారి పట్టే అవకాశం ఉంది. తెగిన నరం కింది ముక్క కొద్ది రోజులు కరెంటు పంపుతూనే ఉంటుంది. కండరంలో మార్పులు సూదికి దొరికేది రెండు మూడు వారాల తర్వాత. అందుకే ఆ పరీక్షకు మూడు వారాల తర్వాత రమ్మంటారు. డబ్బు పెట్టి ముందే చేయించుకోకండి. కత్తి గాయంలో అయితే ఈ పరీక్ష కోసం ఆగనే ఆగకూడదు.

నరం ఎంత వేగంగా పెరుగుతుంది?

రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. మొదటి మూడు నాలుగు వారాలు కదలికే ఉండదు. మణికట్టు దగ్గర తెగితే వేలి కొస దాకా 18 సెంటీమీటర్లు అనుకోండి, ఆరేడు నెలలు. మోచేయి దగ్గర అల్నార్ తెగితే అరచేతి కండరాలకు చేరడానికే దాదాపు ఏడాది. మెడ దగ్గర అయితే అరచేతికి రెండేళ్ళు.

ఇక్కడే చిక్కు. కండరం అంతకాలం ఎదురుచూడదు. నరం అందని కండరం 12 నుంచి 18 నెలల్లో కొవ్వుగా, నారగా మారిపోతుంది. తర్వాత నరం చేరినా పని చేయదు. స్పర్శకు ఇంత గట్టి గడువు లేదు. పిల్లల్లో ఫలితం పెద్దవాళ్ళ కంటే బాగుంటుంది. బీడీ, సిగరెట్ మానడం వల్ల రక్తప్రసరణ మెరుగై నిజంగానే ఉపయోగం ఉంటుంది.

పెరుగుదల ముందుకు పోతోందో లేదో తెలుసుకోవడానికి నరం దారి వెంట కింది నుంచి పైకి వేలితో తట్టుతారు. ఎక్కడ జివ్వుమంటే అక్కడిదాకా వచ్చిందన్నమాట. దీన్ని టినెల్ గుర్తు అంటారు. నెలనెలా ఆ చోటు కిందికి జరగాలి. పెన్నుతో గుర్తు పెట్టి తేదీ రాసుకోండి. రెండు మూడు నెలలు అక్కడే ఆగిపోతే డాక్టరుకు చూపించండి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

మైక్రోస్కోపు కింద చెడిన కొసలను ఆరోగ్యమైన భాగం కనిపించేదాకా కోసి, తల వెంట్రుక కంటే సన్నమైన 8-0, 9-0, 10-0 నైలాన్ దారంతో కలుపుతారు. కుట్టు బిగువుగా ఉంటే నరం మానదు. మధ్యలో ఖాళీ మిగిలితే పిక్క వెనక ఉండే సూరల్ నరాన్ని తీసి అతుకుతారు. బదులుగా పాదం బయటి అంచు మొద్దుబారుతుంది, అంతకుమించి నష్టం లేదు. తర్వాత సుమారు మూడు వారాలు కట్టు, ఆపైన వ్యాయామం. ఆపరేషన్ అయిన మర్నాడే స్పర్శ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

దండ ఎముక విరిగింది. మణికట్టు వేలాడిపోయింది. వెంటనే నరానికి ఆపరేషన్ చేయించాలా?

ఇది రేడియల్ నరం. లోపలి ఎముక విరిగి చర్మం తెగనప్పుడు ఇది ఎక్కువగా నలుగుడో సాగుడో అయ్యుంటుంది, చాలామందికి దానంతటదే వస్తుంది. మూడు నాలుగు నెలలు గమనిస్తారు. ముందు మోచేయి దగ్గరి కండరం, తర్వాత మణికట్టు, చివర వేళ్ళు లేస్తాయి. నాలుగు నెలలకూ ఒక్క కదలికా లేకపోతే నరాన్ని తెరిచి చూడాలి. చర్మం చీలి ఎముక బయటికొస్తే లేదా బలమైన గాయంతో నరం తెగిందన్న అనుమానం ఉంటే మొదట్లోనే తెరుస్తారు.

ఈ నెలలన్నీ మణికట్టును పైకి ఎత్తి పట్టే కాక్-అప్ స్ప్లింట్ వేసుకోవాలి. వేలాడనిస్తే టెండాన్లు సాగి, నరం వచ్చాక కూడా చెయ్యి సరిగా లేవదు.

భుజానికి ఇంజెక్షన్ వేయగానే షాకు కొట్టినట్టయింది. చెయ్యి లేవడం లేదు.

భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్ళ కింద, భుజం కండ నడుమ వేయాల్సిన సూదిని మరీ కిందికి, వెనక్కి వేస్తే రేడియల్ నరంలోకి దిగుతుంది. సన్నగా ఉన్నవాళ్ళలో ప్రమాదం ఎక్కువ. గుర్తు: వేస్తుండగానే చేతి దాకా పాకే షాకు లాంటి నొప్పి, నిమిషాల్లో మణికట్టు పడిపోవడం. అప్పుడు సూది వెంటనే ఆపి తీసేయాలి. మర్దన, కాపడం వద్దు. స్ప్లింట్ వేసి, మూడు వారాలకు నరాల పరీక్ష చేయించి, మూడు నాలుగు నెలలకూ కదలిక రాకపోతే సర్జన్ దగ్గరికి వెళ్ళాలి.

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం. బాబు రాత్రంతా ఏడుస్తున్నాడు, వేళ్ళు ఉబ్బాయి.

ఈ జవాబు పూర్తిగా చదివేలోపే కట్టు విప్పండి. కట్టు ఎవరు కట్టారన్నది కాదు, ఆసుపత్రి సిమెంటు పట్టీ అయినా సరే: మోచేయి పై ఎముక విరిగిన పిల్లల్లో బిగువు కట్టు కింద వాపు పెరిగి, కండరాలకూ నరాలకూ రక్తం ఆగిపోతుంది. నొప్పి మందుకు లొంగని నొప్పి, వేళ్ళను మీరు మెల్లగా చాపితే కేకలు పెట్టడం, తిమ్మిరి, వేళ్ళు పాలిపోవడం, ఇవీ లక్షణాలు. నాడి అందుతోందని ధైర్యపడకండి. నాడి పోవడం చివరి గుర్తు.

లోపలి దూది పట్టీతో సహా చర్మం కనిపించేదాకా అంతా చీల్చి, చెయ్యిని గుండె ఎత్తులో పెట్టి, 108కు ఫోన్ చేయండి. మోచేతిని బలంగా ముడవొద్దు. సుమారు ఆరు గంటలు దాటితే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ఆపైన చెయ్యి గోళ్ళలా ముడుచుకుని జీవితాంతం అలాగే ఉండిపోతుంది. దాన్ని ఫోక్‌మన్ కాంట్రాక్చర్ అంటారు. ఇంత తేలిగ్గా నివారించగల వైకల్యం మరొకటి ఉండదేమో.

బైకు ప్రమాదం తర్వాత మొత్తం చెయ్యే పడిపోయింది. ఎముకలేం విరగలేదు.

పడినప్పుడు తల ఒకవైపుకు, భుజం మరోవైపుకు లాగబడి బ్రేకియల్ ప్లెక్సస్ సాగిపోయి ఉంటుంది. కొన్నిసార్లు వేర్లు వెన్ను నుంచే ఊడిపోతాయి. ఊడినదానికి గుర్తులు: అదే వైపు కనురెప్ప వాలి కంటిపాప చిన్నదవడం, చేతిలో ఉన్నట్టుండి మంటలు, షాకులు. ఊడిన వేరు తనంతట రాదు, కుట్టడానికీ కుదరదు.

అప్పుడు పని చేస్తున్న వేరే నరం నుంచి ఒక పాయను తీసి, చచ్చుబడ్డ కండరానికి కలుపుతారు. ఉదాహరణకు మోచేయి ముడుచుకోవడానికి, అల్నార్ నరంలోని ఒక చిన్న పాయను దండ కండరపు నరానికి కలుపుతారు. 1994లో ఓబర్లిన్ చెప్పిన పద్ధతి ఇది. అరచేతి పని బాగున్నవాళ్ళకే కుదురుతుంది. అరచెయ్యి కూడా పోతే పక్కటెముకల నరాలు, మెడ కండరపు నరం వాడతారు. భుజం నిలవడం, మోచేయి ముడుచుకోవడం మొదటి లక్ష్యాలు.

ఈ ఆపరేషన్‌కు అనువైన కాలం మూడు నుంచి ఆరు నెలలు. తొమ్మిది దాటితే ఫలితం తగ్గుతుంది, ఏడాది దాటితే నరాల కలుపు చాలావరకు వృథా. తల గాయం, కాలు విరుగుడు నయం చేసుకునే హడావుడిలో చేతిని నెలల తరబడి పట్టించుకోకపోవడమే ఎక్కువ చోట్ల జరుగుతున్నది. రెండో నెలలోనే ప్లెక్సస్ చేసే సర్జన్‌ను కలవండి. ఈలోగా భుజం జారకుండా స్లింగ్, అన్ని కీళ్ళకూ రోజూ కదలిక.

కాన్పులో బిడ్డ భుజం పట్టింది, చెయ్యి కదపడం లేదు.

ఇదీ బ్రేకియల్ ప్లెక్సస్ సాగడమే. చాలామంది పిల్లలకు కదలిక నెలల్లో వచ్చేస్తుంది. ముందు కాలర్ ఎముక విరగలేదని ఎక్స్‌రేతో తేల్చుకోండి. మూడో నెల నిండేసరికి మోచేయి ముడవడం మొదలవకపోతే ప్రత్యేక నిపుణులకు చూపించాలి. నూనె రాసి స్నానం చేయించేటప్పుడు ఆ చెయ్యిని పట్టి లేపడం, లాగడం వద్దు.

రాత్రి చేతులు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. విదిలిస్తే తగ్గుతుంది.

కార్పల్ టన్నెల్ లక్షణం ఇది: మణికట్టు దగ్గర మీడియన్ నరం ఇరుకున పడటం. షుగరు, థైరాయిడ్, గర్భం, గ్రైండర్ అదురు, ధర్మవరం మగ్గాల మీద లాగా మణికట్టు తిరుగుతూ ఉండే పని, వీటిలో ఎక్కువగా వస్తుంది. మణికట్టు వంచి ఒక నిమిషం ఉంచితే తిమ్మిరి వస్తుందేమో చూడండి. చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుంటే ఆలోచించాలి, మెడ నరమో అల్నారో కావచ్చు.

రాత్రిళ్ళు మణికట్టు నిటారుగా ఉండే స్ప్లింట్‌తో ఆరు వారాలు చూడండి. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆపైన చిన్న ఆపరేషన్. బొటనవేలి మొదట్లో కండ కరిగి చదునైతే స్ప్లింట్‌తో కాలయాపన చేయకండి.

చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి వంకర పోతున్నాయి. ఎప్పుడూ దెబ్బ తగల్లేదు.

మోచేయి దగ్గర అల్నార్ ఒత్తిడి కావచ్చు. ఫోను చెవి దగ్గర పెట్టి మోచేయి ముడిచి గంటలు మాట్లాడటం, మోచేయి బల్లకు ఆనించి కూర్చోవడం, ముడుచుకుని పడుకోవడం మానండి. రాత్రి మోచేతికి తువ్వాలు చుట్టుకుంటే పూర్తిగా ముడుచుకోదు.

రెండో కారణం ఎవరూ బయటికి చెప్పుకోనిది: కుష్టు. ఒంటి మీద స్పర్శ లేని తెల్లటి లేక ఎర్రటి మచ్చ, మోచేయి వెనక తాడులా లావైన నరం ఉంటే తప్పక చూపించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 6 లేదా 12 నెలల మందుల కోర్సు ఉచితం. నరం బలహీనత ఆరు నెలల లోపుదైతే స్టెరాయిడ్ మాత్రలతో చాలామందికి తిరిగొస్తుంది, ఆలస్యమైతే రాదు. సిగ్గుతో పోగొట్టుకున్న చేతులు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

నరాల బలం ఇంజెక్షన్లు, కరెంటు ట్రీట్మెంట్ పనికొస్తాయా?

బి12 లోపం ఉంటే బి12 ఉపయోగం. తెగిన నరాన్ని ఏ ఇంజెక్షనూ కలపలేదు. కరెంటు వల్ల నరం పెరగదు. కండరం చిక్కిపోకుండా ఎంత ఆపుతుందన్నదీ తేలని విషయమే. ఆపరేషన్ చేయాల్సిన సమయమంతా వాటి మీద గడిపితే అదే అసలు నష్టం. కీళ్ళు గట్టిపడకుండా రోజూ కదిలించడం మాత్రం ఖర్చు లేకుండానే నిజమైన పని చేస్తుంది: రెండో చేత్తో ప్రతి వేలి ప్రతి కణుపును, మణికట్టును, బొటనవేలి సందును పూర్తిగా వంచి చాపండి, ఒక్కోటి పదిసార్లు, రోజుకు నాలుగు విడతలు.

స్పర్శ లేని చేత్తో వంట, పొలం పని?

కాలినట్టు తెలియదు, అదే ప్రమాదం. జొన్న రొట్టె పెనం మీద తిప్పడం, వేడి సంగటిని ముద్ద కట్టడం మంచి చేత్తోనే చేయండి లేదా అట్లకాడ, గరిటె వాడండి. స్నానం నీళ్ళ వేడి బాగున్న చేత్తోనో మోచేత్తోనో చూడాలి. కొడవలి, పార పిడికి మెత్తని గుడ్డ చుట్టి లావు చేయండి. సన్న పిడిని తెలియక మరీ గట్టిగా పట్టి బొబ్బలు తెచ్చుకుంటారు. రోజూ సాయంత్రం అరచెయ్యి చూసుకుని, పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి నూనె రాయండి. స్పర్శ తిరిగి మొదలయ్యాక కళ్ళు మూసుకుని బియ్యం, కందిపప్పు, చెనక్కాయలు వేళ్ళతో గుర్తుపట్టే సాధన చేస్తే మెదడు కొత్త సంకేతాలను నేర్చుకుంటుంది.

చెయ్యంతా మంట, గుడ్డ తగిలినా భరించలేకపోతున్నా.

మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు చెప్పిన మోతాదులో మెల్లగా పెంచుతారు, ఒక్కసారిగా ఆపకూడదు. చెయ్యి వాచి, రంగు మారి, చెమట పడుతుంటే దాచుకుని కూర్చోకుండా త్వరగా చూపించండి.

ఏడాది దాటిపోయింది. ఇక ఏమీ లేదా?

నరం కలపడం ఆలస్యమైనా టెండాన్ మార్పిడి ఉంది: బాగున్న కండరం టెండాన్‌ను తీసి పని చేయని చోట కలుపుతారు. మణికట్టు లేపడం, బొటనవేలు ఎదుటికి తేవడం, వంకర వేళ్ళను సరిచేయడం దీనితో సాధ్యం. కుష్టుతో వంకర పోయిన చేతులకు వేలూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ దీన్ని వాడి ప్రపంచానికి చూపించాడు. షరతు ఒక్కటే: కీళ్ళు మెత్తగా ఉండాలి. బిగుసుకున్న వేలికి ఏ టెండాన్ కలిపినా కదలదు.

ఎక్కడికి వెళ్ళాలి? ఏం తీసుకెళ్ళాలి?

మొదట కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి. మీకు కావాల్సింది ప్లాస్టిక్ సర్జన్ లేదా చేతి ఆపరేషన్లు చేసే ఎముకల సర్జన్, అందుకని ఓపీ రోజు ముందే కనుక్కోండి. ప్లెక్సస్ లాంటి పెద్ద పనికి వేలూరు సీఎంసీ, హైదరాబాద్ నిమ్స్, కోయంబత్తూరు గంగా ఆసుపత్రి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆపరేషన్ వస్తుందా లేదా ఆసుపత్రిలోని పథకం డెస్కులో చేరకముందే అడగండి; ఆధార్, రేషన్ కార్డు దగ్గరుంచుకోండి.

కాగితాల్లో దెబ్బ తగిలిన తేదీ, మొదట కుట్లు వేసిన చోటి చీటీ, ఎక్స్‌రేలు, నరాల పరీక్ష, మీరు గుర్తు పెట్టుకున్న టినెల్ తేదీలు ఉండాలి. దెబ్బ తగిలిన రోజు ఏ వేలు కదిలింది, ఏది కదల్లేదు అన్నది తెలిస్తే ఒక తెల్ల కాగితం మీద రాసుకెళ్ళండి. సర్జన్ అడిగే మొదటి ప్రశ్న అదే.